మెట్ల కింద సైకిలు ఉండగా మళ్ళీ ఎలక్ట్రిక్ సైకిలా?

బెంగళూరు మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో ఉంటున్న ఒక పాఠకుడు మూడు పేజీల ఉత్తరం రాశారు. సొంతూరు నంద్యాల. వయసు 38, బరువు 86 కిలోలు. ఆఫీసు హోప్‌ఫామ్ దగ్గర, ఇంటి నుంచి 9 కిలోమీటర్లు. ఇప్పుడు స్కూటర్ మీద వెళ్తున్నారు. ఈమధ్య రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు) 6.1 వచ్చింది. షుగరు ఇంకా రాలేదు కానీ గుమ్మం దాకా వచ్చిందని, రోజూ అరగంటైనా ఒళ్ళు కదల్చమని డాక్టరు చెప్పారు. విడిగా వాకింగ్‌కు టైం చిక్కదు, ఆఫీసుకు ఎలాగూ వెళ్ళాలి కదా, ఆ దారినే వ్యాయామంగా మార్చుకుందామని ఆయన ఆలోచన.

చిక్కు ఏమిటంటే, ఈ ఆలోచన రెండేళ్ళ కిందటే ఒకసారి చేశారు. 16 వేలు పెట్టి 21 గేర్ల సైకిలు కొని, లెక్కగా పదకొండు రోజులు ఆఫీసుకు తొక్కారు. మోకాలి చిప్ప కింద నొప్పి. వీపు తడిసి ముద్దయిన చొక్కాతో పదింటి మీటింగు. ఎత్తు ఎక్కేటప్పుడు చెయిన్ టక్కున జారడం. ఆఫీసులో స్నానాల గది లేదు. సైకిలు మెట్ల కిందికి చేరింది, దాని మీద డోర్‌మ్యాట్లు ఆరుతున్నాయి. ఇప్పుడు 38 వేల ఎలక్ట్రిక్ సైకిలు చూసి వచ్చారు. "మళ్ళీ మెట్ల కింద పెట్టడానికా?" అని భార్య అడిగారు. "మోటారు ఉంటే అది వ్యాయామమే కాదు" అని పక్క సీటు మిత్రుడు అంటున్నాడు. ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పార్కింగులో ప్లగ్గు పెట్టుకోవడానికి ఓనరు ఒప్పుకోలేదు. ఏది కొనాలో తేల్చి చెప్పమని ఆయన అడుగుతున్నారు.

మీ ఉత్తరంలో మూడు పేజీలూ ఎలక్ట్రిక్ సైకిలు గురించే ఉంది. మోకాలి నొప్పికి ఒక్క వాక్యం ఇచ్చారు. నేను ఆ వాక్యం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని సరిచేయకుండా ఏ సైకిలు కొన్నా అదే మోకాలు మీతో వస్తుంది.

నొప్పి మోకాలి ముందువైపు, చిప్ప చుట్టూ వస్తే చాలాసార్లు కారణం సీటు కిందికి ఉండటం. కాళ్ళు రెండూ నేలకు ఆనాలని మనవాళ్ళు సీటు దించేస్తారు. అప్పుడు పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు బాగా మడిచి ఉండగానే బరువు తోయాల్సి వస్తుంది. సరిచూసుకోవడం తేలిక. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్ను అట్టడుగుకు తెచ్చి దాని మీద మడమ పెట్టండి. ఆ స్థితిలో కాలు నిటారుగా చాచుకోవాలి. ఆ తర్వాత మామూలుగా ముందుపాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా మడిచి ఉంటుంది, అదే సరైన ఎత్తు. ఆగినప్పుడు సీటు మీంచి ముందుకు దిగి నిలబడాలి. రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. రెండో కారణం పెద్ద గేరు. నిమిషానికి డెబ్బై ఎనభై చుట్లు తేలిగ్గా తిరిగే గేరులో తొక్కాలి. వేగం వస్తుంది కదా అని బరువు గేరులో నలభై చుట్లు తొక్కితే మోకాలే దెబ్బతింటుంది. సీటు, గేరు రెండూ సరిచేసినా నొప్పి తగ్గకపోతే అప్పుడు ఎముకల డాక్టరును కలవండి.

ఇక చెయిన్ జారడం. పదకొండు రోజుల్లో మీరు తొక్కింది 200 కిలోమీటర్లు. అంత కొద్ది దూరానికి చెయిన్ అరగదు. కొత్త సైకిల్లో గేరు వైరు మొదటి నెలలో కొంచెం సాగి, సర్దుకుంటుంది. సాగిన వైరు వెనక గేరును పెద్ద పళ్ళచక్రం మీద నిలబెట్టలేదు, చెయిన్ చిన్నదాని మీదికి జారిపోతుంది. షాపువాళ్ళు మొదటి ఫ్రీ సర్వీసుకు రమ్మనేది ముఖ్యంగా దీనికే. మీరు వెళ్ళినట్టు రాయలేదు. వెనక గేరు దగ్గర వైరు లోపలికి పోయే చోట ఒక చిన్న తిప్పుడు మర ఉంటుంది. దాన్ని గడియారానికి ఎదురుదిశలో అరచుట్టు తిప్పితే వైరు బిగుస్తుంది. అరచుట్టు తిప్పడం, తొక్కి చూడడం, అంతే. పదకొండు రోజులు మిమ్మల్ని విసిగించింది ఆ మర.

అంటే మీరు సైకిలు తొక్కలేక మానేశారన్నది నిజం కాదు. సరిగ్గా బిగించని సైకిలు తొక్కి, బాధపడి, మానేశారు. రెండూ వేరు. మెట్ల కింద ఉన్న ఆ బండికి ఇప్పుడు రెండేళ్ళ నిల్వ దోషం ఉంటుంది. చెయిన్ తుప్పు పట్టి లింకులు బిగుసుకుని ఉంటే మార్చాలి. బ్రేకు, గేరు వైర్లు కొత్తవి వేయించండి. టైరు పక్కగోడల మీద పగుళ్ళుంటే టైర్లు కూడా పోతాయి. టైర్లు బాగుంటే మొత్తం రెండున్నర, మూడు వేల లోపు పని. గాలి కూడా కొలిచి కొట్టించండి. మీ బరువుకు 26 అంగుళాల లావు టైరైతే 45 నుంచి 50 పీఎస్ఐ, 700 సైజు సన్న టైరైతే 65 నుంచి 70 దాకా ఉండాలి. వేలితో నొక్కి చాలనుకుంటే, గుంటలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకు రోడ్డుకు మధ్య నలిగి పక్కపక్కన రెండు బెజ్జాలు పడతాయి.

ఇక మిగిలింది చెమట. ఇది మాత్రం నిజమైన సమస్యే, దీనికే మోటారు పనికొస్తుంది. లెక్క చెబుతాను. మీ బరువు, బండి బరువు కలిపి చదును రోడ్డు మీద గంటకు 18, 20 కిలోమీటర్లు పోవాలంటే పెడల్ దగ్గర సుమారు 100 వాట్లు కావాలి. మనిషి ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పెడల్ దాకా వచ్చేది నాలుగో వంతు కంటే తక్కువ, మిగిలినదంతా వేడి. 100 వాట్లు తొక్కితే 300 వాట్ల పైన వేడి పుడుతుంది, ఆ వేడిని బయటికి పంపేదే చెమట. మోటారు సగం భారం తీసుకుంటే వేడి కూడా దాదాపు సగమవుతుంది. ఇంటి నుంచి బయల్దేరి బ్రూక్‌ఫీల్డ్ మీదుగా పోయినా, కుందలహళ్లి అండర్‌పాస్ మీదుగా పోయినా దిగుడు, ఎక్కుడు తప్పవు. చెరువుల మధ్య పెరిగిన ఊరిది, ప్రతి పల్లం తర్వాత ఒక ఎత్తు ఉంటుంది. ఆ ఎత్తులే మీ చొక్కా తడుపుతున్నాయి.

కానీ ఒక్క సంగతి మీరూ, మీ మిత్రుడూ ఇద్దరూ గమనించలేదు. చెమట ఒక దిక్కు సమస్య. పొద్దున ఆఫీసుకు పోయేటప్పుడే అది బాధ. సాయంత్రం ఇంటికి వచ్చి స్నానం చేస్తారు, ఎంత చెమట పడితే ఏమి? కాబట్టి పొద్దున మోటారు సాయంతో పోయి, వచ్చేటప్పుడు దాన్ని ఆపేసి మీ కాళ్ళతో రావచ్చు. వ్యాయామమా, ఆఫీసా అన్న గొడవకు ఇది సగం పరిష్కారం. మిత్రుడి మాటలో మిగిలిన సగానికీ జవాబుంది. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మోటారు తక్కువ మెట్టులో పెట్టుకుని తొక్కినా మీరు ఆ స్థితికి వస్తారు. ఒక్కోవైపు అరగంట చొప్పున వారానికి మూడు రోజులు తొక్కినా 180 నిమిషాలు. త్రాటిల్ తిప్పి కూర్చుంటే మాత్రం మీ మిత్రుడు అన్నది నిజం, అది స్కూటరే.

సాయంత్రం మోటారు ఆపి తొక్కాలంటే ఎలాంటిది కొనాలన్నది ఇక్కడే తేలుతుంది. ఆ ధరలో వచ్చే ఎలక్ట్రిక్ సైకిళ్ళు 20 నుంచి 25 కిలోల బరువుంటాయి, మామూలు గేర్ సైకిలు 13 నుంచి 15. అంత బరువును గేర్లు లేకుండా కుందలహళ్లి అండర్‌పాస్ ఎక్కించడం మీ మోకాలికి మంచిది కాదు. కాబట్టి సింగిల్ స్పీడ్ వద్దు, వెనక ఏడు గేర్లున్నది చూడండి. షాపులో ట్రయల్‌కు ఇచ్చినప్పుడు అందరూ మోటారు వేసి ఆనందిస్తారు. మీరు మోటారు ఆపి దగ్గరలో ఉన్న ఎత్తు ఎక్కించి చూడండి. అది మీకు నచ్చితేనే మిగతా మాటలు.

మీరు చూసిన బండి బ్యాటరీ 36 వోల్టులు, 7.65 ఆంపియర్ అవర్లు అని రాశారు. గుణిస్తే 275 వాట్ అవర్లు. తొక్కుతూ మోటారు సాయం తీసుకుంటే కిలోమీటరుకు 9, 10 ఖర్చవుతాయి. అంటే పొద్దున తొమ్మిది కిలోమీటర్లకు 90 చాలు, రెండు రోజులకొకసారి చార్జింగ్ పెడితే సరిపోతుంది. మీ బరువుతో త్రాటిల్ మీదే పోతే కిలోమీటరుకు 16, 17 దాకా లాగుతుంది. అప్పుడు మొత్తం బ్యాటరీ 16 కిలోమీటర్లకే అయిపోతుంది, మీ రానుపోను 18. ఇంటికి రెండు కిలోమీటర్ల ముందు ఆగిపోయిన పాతిక కిలోల బండిని తోసుకుంటూ రావాలి. షాపులో చెప్పే దూరాలు తేలికైన మనిషి, చదును రోడ్డు, తక్కువ సాయం మీద కొలిచినవని గుర్తుంచుకోండి.

ఓనరు ప్లగ్గు ఇవ్వకపోవడం అడ్డం కాదు, బ్యాటరీ ఊడదీసే రకమైతే. తాళం తీస్తే చేతికి వస్తుంది, రెండు కిలోల లోపే ఉంటుంది, మూడో అంతస్తుకు మోయగలరు. రెండు ఆంపియర్ల చార్జరుతో నాలుగు గంటల్లో నిండుతుంది. కరెంటు యూనిట్లో మూడో వంతు. రాత్రంతా పెట్టి నిద్రపోవద్దు. మెలకువగా ఉన్నప్పుడు, పరుపుకు, కర్టెన్లకు దూరంగా, గచ్చు మీద పెట్టి చార్జ్ చేయండి. తలుపు పక్కన అసలు వద్దు, ఏదైనా అంటుకుంటే బయటికి పోయే దారే మూసుకుపోతుంది. బండితో వచ్చిన చార్జరే వాడాలి. ఊరెళ్ళి నెల రోజులు వాడకపోయేట్టయితే సగం చార్జితో వదిలిపెట్టండి. పూర్తిగా ఖాళీగా నెలల తరబడి వదిలేస్తే లిథియం బ్యాటరీ మళ్ళీ లేవకపోవచ్చు. అందుకే కొనేటప్పుడు బ్యాటరీ మీద తయారీ నెల చూడమంటాను. ఏడాదిగా గోడౌన్లో పడున్న బ్యాటరీని రంగు మెరుస్తోందని తెచ్చుకోవద్దు.

షాపులో ఇంకో మాట కూడా వింటారు: "స్పీడు లాక్ తీసేస్తే 35 పోతుంది సార్." ఒద్దనండి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో రూలు 2(యు) ప్రకారం మోటారు 250 వాట్ల లోపు ఉండి, 25 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి సాయం ఆగిపోయే పెడల్ సైకిలును మోటారు వాహనంగా లెక్కించరు. లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేదు. ఆ హద్దు దాటించిన క్షణం అది రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం. ఎవరికైనా దెబ్బ తగిలిన రోజున మీ చేతిలో ఒక్క కాగితం ఉండదు.

మీ పాత సైకిలుకే మోటారు కిట్టు బిగిస్తే ఎలా ఉంటుందని ఉత్తరం చివర అడిగారు. అవుతుంది, 15 నుంచి 20 వేలలో. మోటారున్న కొత్త వెనక చక్రం, కంట్రోలరు, బ్యాటరీ, పెడల్ దగ్గర సెన్సరు వస్తాయి. చెడిపోయే చోట్లు ముందే తెలుసుకోండి. మోటారు ఇరుసు ఫ్రేము గాడిలో తిరగాలని చూస్తుంది. మీ సైకిలు ఫ్రేము అల్యూమినియమైతే ఆ గాడి మెత్తగా అరిగిపోయి చక్రమే ఊడొచ్చు. ఇరుసును పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ లేకుండా బిగించనివ్వకండి. ముందు చక్రం కిట్టు చవకని చెబుతారు, మీది సస్పెన్షన్ ఫోర్కు కాబట్టి అది వద్దే వద్దు. మొదటి 200 కిలోమీటర్ల తర్వాత స్పోకులు బిగించి బెండు తీయించాలి, లేకపోతే వెనక స్పోకులు ఒక్కొక్కటే తెగుతాయి. నా అభిప్రాయంలో ఈ దారి చేతిలో పానాలు పట్టుకుని పని చేసుకోవడం ఇష్టమున్నవాళ్ళకు. గేరు మర తిప్పడానికి రెండేళ్ళు ఆగిన మీకు ఇది సరిపడదని చెప్పడానికి మొహమాటపడను.

డబ్బు ఆదా అవుతుందని భార్యకు చెప్పి ఒప్పించాలనుకుంటున్నారు. ఆ లెక్క చెప్పకండి, ఆమె వేసి చూస్తారు. నెలకు 22 రోజులకు 400 కిలోమీటర్లు. స్కూటరు లీటరుకు 45 ఇస్తే పెట్రోలు 900 రూపాయల చిల్లర. ఎలక్ట్రిక్ సైకిలుకు కరెంటు నలభై రూపాయల లోపు, నిజమే. కానీ మూడు నాలుగేళ్ళకు బ్యాటరీ మార్చాలి, పది పన్నెండు వేలు. దాన్ని నెలలకు పంచితే 300. టైర్లు, బ్రేకు ప్యాడ్లకు ఇంకో వంద. బరువైన బండి కాబట్టి ప్యాడ్లు తొందరగా అరుగుతాయి. మిగిలేది నెలకు 450 దాకా. 38 వేలు తిరిగి రావడానికి ఏడేళ్ళు. ఇది ఒంటి కోసం పెడుతున్న ఖర్చు, ఆ మాటే చెప్పండి.

ఇప్పుడు మీ ముందున్న దారుల గురించి. మొదటిది, పాత సైకిలు బాగు చేయించి పది పనిదినాలు తొక్కడం. ఈ పది రోజులూ ఒక చిన్న పుస్తకంలో రాయండి: తొక్కిన రోజు చెమట ఆరడానికి ఎంతసేపు పట్టింది, మానేసిన రోజు ఎందుకు మానేశారు. వీపు బ్యాగు తీసేసి ఏడెనిమిది వందల్లో క్యారియరు వేయించి బ్యాగు దానికి కట్టండి. వీపు చెమటను పెంచేది ఆ బ్యాగే. సోమవారం నాలుగు జతల బట్టలు ఆఫీసులో పెట్టేయండి. చేరగానే చొక్కా మార్చకండి. గాలి తగలడం ఆగిన తర్వాత పది నిమిషాలు ఒళ్ళు ఇంకా చెమట పోస్తూనే ఉంటుంది, ఆ పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చుని, తడి తువ్వాలుతో తుడుచుకుని అప్పుడు మార్చుకోండి. ఎనిమిదింటికి ముందే బయల్దేరితే ఎండా తక్కువ, గ్రాఫైట్ ఇండియా దగ్గర ట్రాఫిక్కూ తక్కువ.

పది రోజులయ్యాక ఆ పుస్తకం చూస్తే జవాబు అందులోనే ఉంటుంది. మానేసిన రోజుల పక్కన "చెమట", "ఎత్తు ఎక్కలేక", "అలిసిపోయి" అని ఉంటే ఎలక్ట్రిక్ కొనండి, ఆ డబ్బు దండగ కాదు. "లేటుగా లేచాను", "వాన", "లారీలంటే భయం" అని ఉంటే మోటారు వీటిలో దేన్నీ తీర్చదు. ఆ 38 వేల బండి కూడా నెల తిరక్కుండా డోర్‌మ్యాట్ల కిందికి పోతుంది. అసలు మానేయని రోజులే ఎక్కువుంటే మీకు కొత్త బండి అవసరమే లేదు.

రెండోది, ఈ పరీక్ష లేకుండా నేరుగా ఎలక్ట్రిక్ కొనడం. పొద్దున తేలిగ్గా పోతారు, వారానికి తొక్కే రోజులు పెరుగుతాయి, అది చిన్న లాభం కాదు. వారానికి ఐదు రోజులు సగం కష్టపడటం, ఒక్కరోజు పూర్తిగా కష్టపడి మానేయడం కంటే మీ షుగరుకు మేలు. నష్టం ఏమిటంటే, మోటారు చక్రానికి పంక్చరైతే రోడ్డు పక్క షాపులో చక్రం విప్పనివ్వరాదు. మనవాళ్ళు చక్రం విప్పకుండానే ట్యూబు బయటికి లాగి ప్యాచ్ వేస్తారు, అదే చేయమనండి. ట్యూబు మార్చాల్సి వస్తే మోటారు వైరు కనెక్టరు ముందు ఊడదీయాలి, ఇరుసు నట్లకు చాలావాటికి 18 నంబరు పానా కావాలి, ఒకటి బ్యాగులో ఉంచుకోండి. వానకు మోటారు తట్టుకుంటుంది, మునిగితే తట్టుకోదు. నీళ్ళు చక్రం ఇరుసు దాకా వస్తే వైరు లోపలికి పోయే దారిలో నీరు దిగుతుంది. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు వైపు రోడ్లు ఎలా మునిగాయో చూశారు కదా. ఈ ఊళ్ళో వాన ఎక్కువగా సాయంత్రాలే దంచుతుంది. అలాంటి రోజున సైకిలు ఆఫీసులో తాళం వేసి, బ్యాటరీ బ్యాగులో పెట్టుకుని, హోప్‌ఫామ్ చన్నసంద్ర స్టేషనులో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి కుందలహళ్లిలో దిగండి. అక్కడి నుంచి ఆటో.

వేగం గురించి ఒక్క హెచ్చరిక. బ్రేకు పట్టాక 18లో ఆగడానికి పట్టే దూరానికి 25లో దాదాపు రెట్టింపు కావాలి. బస్సు స్టాపులో ఆగిన బీఎంటీసీ బస్సుకు ఎడమ పక్కనుంచి దూరవద్దు, దిగేవాళ్ళు నేరుగా మీ ముందుకు దిగుతారు. హెల్మెట్, వెనక ఎర్ర లైటు, కుడి హ్యాండిల్‌కు అద్దం. ఈ మూడూ ఏ సైకిలుకైనా మొదటి రోజు నుంచే ఉండాలి.

మీ భార్య మాటను మీరు వెటకారంగా తీసుకున్నట్టు ఉత్తరంలో కనిపించింది. నాకు అలా అనిపించలేదు. రెండేళ్ళుగా ఆ సైకిలును రోజూ దాటుకుంటూ పోతున్నది ఆమె. మీ రిపోర్టు చూసి భయపడిందీ ఆమే. ఈ ఆదివారం పొద్దున సైకిలును మెట్ల కింద నుంచి ఇద్దరూ కలిసి బయటికి తీయండి. సీటు ఎత్తు సరిచేసేటప్పుడు బండిని పట్టుకోవడానికి ఎలాగూ ఇంకో మనిషి కావాలి. తర్వాత ఆరున్నరకల్లా ఆమె స్కూటరు మీద, మీరు సైకిలు మీద ఆఫీసు దాకా ఒకసారి పోయి రండి. ఏ మలుపు దగ్గర ఆమె గుండె ఝల్లుమందో అడిగి, సోమవారం ఆ మలుపు తప్పే సందు వెతుక్కోండి.